ఫోన్లు అంచనా దాటాయి, డబ్బులు అంచనా తప్పాయి: టెలికాం ఆదాయ లెక్కల 30 ఏళ్ల కథ

టెలికాం కంపెనీల ఆదాయం వచ్చే ఏడాది ఇంత శాతం పెరుగుతుందని రేటింగ్ సంస్థలు, బ్రోకరేజీలు ఏడాదికి రెండు మూడు సార్లయినా చెబుతుంటాయి. బిజినెస్ పేజీలో ఓ మూల పడే వార్త అది. షేర్లు ఉన్నవాళ్లు చదువుతారు, మిగతావాళ్లు పేజీ తిప్పేస్తారు. నిజానికి దాన్ని ముందుగా చదవాల్సింది నెలనెలా రీచార్జి చేయించుకునేవాళ్లు. ఆ శాతం ఇప్పుడు వాళ్ల జేబులోంచే రావాలి కాబట్టి.

2024-25 లెక్కే చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గణాంకాల్లో ఆ ఏడాది మొదట్లో దేశం మొత్తం మీద ఫోన్ కనెక్షన్లు 119.9 కోట్లు. ఏడాది చివరికి 120 కోట్లు దాటీ దాటనట్టు. అంటే అక్కడే ఉన్నాయి. అదే ఏడాది కంపెనీల సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం, అంటే ప్రభుత్వ వాటా లెక్కగట్టేందుకు తీసుకునే, అందరూ ఏజీఆర్ అని పిలిచే ఆదాయం, దాదాపు 2.70 లక్షల కోట్ల నుంచి 3.03 లక్షల కోట్లకు పెరిగింది. 12 శాతం. కొత్త జనం రాకుండా 12 శాతం డబ్బు పెరిగిందంటే, ఉన్న జనమే ఎక్కువ కట్టారన్నమాట. 2024 జూలై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా వరసపెట్టి రేట్లు పెంచిన సంగతి గుర్తుండే ఉంటుంది.

మొదటి పాతికేళ్లు కథ ఇలా లేదు, ఉల్టాగా ఉండేది. ఎంతమంది ఫోన్ పెట్టుకుంటారో ప్రభుత్వమూ కంపెనీలూ బాగా తక్కువ లెక్కేశాయి. పెట్టుకున్నవాళ్లు ఎంత కడతారో బాగా ఎక్కువ లెక్కేశాయి. ఈ రెండు తప్పులూ విడివిడిగా జరిగినవి కావు. రేటు పడిపోయింది కాబట్టే జనం వచ్చారు, జనం వచ్చిన కొద్దీ రేటు ఇంకా పడింది.

బెంగళూరులో కె.ఆర్. పురం దాటుతుంటే దూరవాణినగర్ అని బోర్డు కనిపిస్తుంది. 1948లో పెట్టిన ఐటీఐ, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, కాలనీ అది. దేశంలో చాలామంది ఇళ్లలో డ్రాయింగ్ రూములో గుడ్డ కప్పి పెట్టుకున్న డయల్ ఫోన్లు ఇక్కడ తయారైనవే. ఆ ఫోన్ ఇంటికి రావాలంటే ఏళ్లు పట్టేది. 1994 జాతీయ టెలికాం విధానం రాసిన నాటికి నూరు మందికి 0.8 ఫోన్లు. మొత్తం 80 లక్షల లైన్లు ఉంటే, డబ్బు కట్టి క్యూలో ఎదురుచూస్తున్నవాళ్లు 25 లక్షలు.

ప్రైవేటు కంపెనీల కళ్లు ఆ క్యూ మీదే పడ్డాయి. తలుపు తీస్తే చాలు, వీళ్లంతా ఎంతంటే అంత ఇస్తారనుకున్నారు. 1995 వేలంలో హిమాచల్ ఫ్యూచరిస్టిక్ కమ్యూనికేషన్స్ అనే ఒక మోస్తరు కంపెనీ 9 సర్కిళ్ల (ఒక్కో సర్కిల్ అంటే దాదాపు ఒక్కో రాష్ట్రం) ల్యాండ్‌లైన్ లైసెన్సులకు 15 ఏళ్లలో 85,000 కోట్లు కడతానంది. ఆ రోజుల్లో 85,000 కోట్లు! ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నది ఇలాంటి చోటే గుర్తుకొస్తుంది. చివరికి ఒక కంపెనీ ఇన్ని సర్కిళ్లకు మించి తీసుకోకూడదని ప్రభుత్వమే పరిమితి పెట్టాల్సి వచ్చింది.

మొబైల్ వైపూ తీరు అంతే. ఏటా ఇంత అని స్థిరమైన లైసెన్సు ఫీజు, ఆదాయం వచ్చినా రాకపోయినా కట్టి తీరాలి. రద్దీ వేళల్లో నిమిషానికి గరిష్ఠంగా 16 రూపాయల 80 పైసల దాకా వసూలు చేసుకోవచ్చు. వచ్చిన కాల్‌కి కూడా బిల్లే. ఇటు కర్ణాటకలో, అటు ఆంధ్రప్రదేశ్‌లో మొదట లైసెన్సు దక్కించుకున్నవాటిలో జేటీ మొబైల్స్ ఒకటి. 1999లో ఎయిర్‌టెల్ నడిపే భారతీ దాన్ని కొనేసింది. కొనేసరికి పరిశ్రమ మొత్తం పీకల్లోతు మునిగి ఉంది. 1999 మార్చి నాటికి దేశం మొత్తానికి మొబైల్ వాడేవాళ్లు 12 లక్షలు, అంతే.

ఆ ఏడాది వచ్చిన కొత్త టెలికాం విధానంలో ఒక వాక్యం ఉంది. ఆపరేటర్లు వేసుకున్న ఆదాయ అంచనాలకూ నిజంగా వచ్చిన ఆదాయానికీ పొంతన లేదనీ, అందుకే అప్పులు పుట్టక ప్రాజెక్టులు నిలిచిపోయాయని ఆపరేటర్లు చెబుతున్నారనీ దాని సారాంశం. సర్కారు కాగితంలో అంచనా తప్పిందన్న మాట అంత సూటిగా కనిపించడం అరుదు. ఆ విధానమే స్థిర ఫీజు తీసేసి, వచ్చిన ఆదాయంలో ఇంత వాటా కట్టండి చాలు అంది. కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత అదే పీక మీదికి వస్తుందని అప్పుడెవరూ అనుకోలేదు. "ఆదాయం అంటే ఏది?" అన్న ప్రశ్నకు జవాబు మాత్రం అప్పుడు తేలలేదు.

1999 విధానం ఇంకో అంచనా కూడా వేసింది, ఈసారి మనుషుల మీద. 2005 నాటికి నూరు మందికి 7 ఫోన్లు, 2010 నాటికి 15 అని. 2010 మార్చికి వచ్చింది 50 పైన. ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యానికి మూడు రెట్లకు మించి. లక్ష్యాలు అందుకోలేని పథకాలు చూసి చూసి ఉన్న మనకు ఇది వింతే.

ఏం జరిగింది ఆ పదేళ్లలో? బెంగళూరు తెలుగువాళ్లకు ఇది పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్లయినా, సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లయినా ఇంటికి ఫోన్ అంటే ఎస్టీడీ బూతే. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి మెజెస్టిక్ చుట్టుపక్కల బూతుల ముందు ఆ వేళకే జనం ఎక్కువ. అద్దం తలుపు లోపల ఒకడు మాట్లాడుతుంటే, బయట నిలబడ్డవాళ్ల చూపంతా మీటరు మీద ఎర్రగా తిరిగే అంకెల మీదే. అంకె పెరిగేకొద్దీ లోపలివాడి మాట వేగం పెరిగేది. "అమ్మా, బాగున్నానని చెప్పు, పెట్టేస్తున్నా" అని సగంలో తెగిపోయిన సంభాషణలు ఎన్నో.

2003లో వచ్చిన కాల్‌కి డబ్బు కట్టే పద్ధతి పోయింది. అదే ఏడాది జూలైలో రిలయన్స్ 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెట్టింది. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి అంది. బెంగళూరులో ఉండి కదిరికి చేసినా కర్నూలుకు చేసినా ఒకటే రేటు. బూతుల పని అక్కడితో అయిపోయింది. కొన్నాళ్లకు వాటిలో చాలావాటి బోర్డు మీద రీచార్జి అన్న మాట చేరింది.

2003 నుంచి 2008 దాకా నడిచింది టెలికాం వాళ్ల స్వర్ణయుగం. ఒక్కో కస్టమర్ నుంచి నెలకు సగటున వచ్చే డబ్బును ఆర్పు అంటారు, ఈ రంగంలో ఏ అంచనా అయినా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది. ఆర్పు ఏటా పడుతూనే ఉంది. 2006లో 300 రూపాయల పైన ఉన్నది నేలచూపులు చూస్తూ వచ్చింది. ఎవరూ కంగారు పడలేదు, ఎందుకంటే మనిషికి వచ్చేది తగ్గినా మనుషులు అంతకంటే వేగంగా పెరుగుతున్నారు. ఈ లెక్క ఎప్పటికీ ఇలాగే సాగుతుందని నమ్మడం దగ్గర దెబ్బ తిన్నారు. 2008లో ప్రభుత్వం 122 కొత్త లైసెన్సులు పంచింది. ఒక్కో సర్కిల్లో పది, పన్నెండు కంపెనీలు తయారయ్యాయి. 2009 జూన్‌లో టాటా డొకోమో దక్షిణాదిలోనే మొదలుపెట్టి, మాట్లాడిన సెకనుకే పైసా అంది. నిమిషం లెక్క కట్టి పది సెకన్ల కాల్‌కి కూడా పూర్తి డబ్బు గుంజుకునే కంపెనీలన్నీ నెలల్లో దిగొచ్చాయి. 2011 మొదటికి ఎక్కువమంది వాడే జీఎస్ఎం పద్ధతి ఫోన్ల ఆర్పు 100 రూపాయలు.

సరిగ్గా ఆర్పు కుప్పకూలుతున్న ఆ సమయంలోనే 3జీ తరంగాల (స్పెక్ట్రమ్) వేలం పెట్టారు. 2010లో. 35,000 కోట్లు వస్తాయని బడ్జెట్‌లో రాసుకున్న ప్రభుత్వానికి 3జీ ఒక్కదానికే 67,719 కోట్లు, బ్రాడ్‌బ్యాండ్ తరంగాలకు ఇంకో 38,543 కోట్లు వచ్చాయి. ఢిల్లీ, ముంబై పక్కన పెడితే దేశంలో అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన సర్కిల్ ఏదో తెలుసా? కర్ణాటక. 1,579.91 కోట్లు. తమిళనాడు 1,464.94 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 1,373.14 కోట్లు దాని వెనకే. ఎలక్ట్రానిక్ సిటీలో, వైట్‌ఫీల్డ్‌లో ల్యాప్‌టాప్ సంచీతో తిరిగే ప్రతివాడూ నెలకు వందలకు వందలు డేటా మీద తగలేస్తాడని పాటదారులు లెక్కేసుకున్నారు. ఆ ధర వెనక ఉన్నది ఆ నమ్మకమే.

రెండేళ్లు తిరిగాయి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ 122 లైసెన్సులూ కొట్టేసింది. ఖాళీ అయిన తరంగాలను నవంబరులో వేలం వేశారు. కనీసం 28,000 కోట్లు వస్తాయనుకుంటే 9,407 కోట్లు వచ్చాయి. ఢిల్లీ, ముంబై, రాజస్థాన్‌లకు ఒక్క పాటదారుడూ రాలేదు. నాలుగోది కర్ణాటక! రెండేళ్ల కింద మెట్రోలు కాని సర్కిళ్లన్నిటికంటే ఎక్కువ పలికిన చోట, అడిగే దిక్కు లేదు. రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, మరీ ఎక్కువ పెట్టారన్నది నిజమే, కానీ ఆ రిజర్వు ధరకు మూలం 2010 నాటి ఉత్సాహమే.

ఇక్కడ పక్కదారి పట్టి ఒక మాట. 2జీ వ్యవహారంలో దేశాన్ని ఊపేసిన 1.76 లక్షల కోట్ల నష్టం అన్న అంకె ఉంది చూడండి, అది కూడా ఒక ఆదాయ అంచనాయే. 2008లో ఇచ్చిన లైసెన్సులను 2010 నాటి 3జీ ధరకు అమ్మి ఉంటే ఎంత వచ్చేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వేసిన లెక్క. ఆ లెక్క మీద ఎన్నికలు నడిచాయి, 2017లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులంది. తప్పు జరిగిందా లేదా అన్నది వేరే చర్చ. పిచ్చి వేడిలో పలికిన ధరను కొలబద్దగా పెట్టుకుంటే అంకె ఎంత పెద్దదైనా అవుతుందనడానికి మాత్రం 2012 వేలం సాక్ష్యం.

2015 వేలంలో మళ్లీ లక్ష కోట్లు దాటింది. గడువు తీరిన తరంగాలు పోతే దుకాణం మూసుకోవాలి కాబట్టి పాత కంపెనీలు అప్పు చేసి మరీ కొనుక్కున్నాయి. ఆ అప్పులు నెత్తిన ఉండగా 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. నెలల తరబడి అంతా ఉచితం. తర్వాత కథ అందరికీ తెలిసిందే కాబట్టి వేగంగా దాటేద్దాం: ఆర్పు 70ల్లోకి జారింది, తమిళనాడులో పుట్టి పెరిగిన ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది, రిలయన్స్ కమ్యూనికేషన్స్ (ఆర్‌కామ్) చేతులెత్తేసింది, టాటా తన మొబైల్ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కు అప్పజెప్పింది, వొడాఫోన్, ఐడియా ఒకటైపోయాయి. దశాబ్దం కింద పది పన్నెండు మంది ఉన్న చోట ముగ్గురు ప్రైవేటు వాళ్లు, ఒక బీఎస్ఎన్ఎల్ మిగిలారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు 2019 అక్టోబర్ 24న పడింది. 1999లో తేలకుండా మిగిలిన ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. వడ్డీ, అద్దె, డివిడెండ్ సహా అన్నీ ఆదాయమే, అన్నిట్లోనూ ప్రభుత్వానికి వాటా రావాలంది. పాత బకాయికి వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ కలిసి అసలును మింగేశాయి. ఈ భారం లెక్కేసుకుని 2019 జూలై-సెప్టెంబర్ త్రైమాసికానికి వొడాఫోన్ ఐడియా చూపించిన నష్టం 50,921 కోట్లు. అప్పటిదాకా ఏ భారతీయ కంపెనీకీ ఒక త్రైమాసికంలో అంత నష్టం రాలేదు. ఎయిర్‌టెల్‌ది 23,045 కోట్లు.

ఆదాయ అంచనాల తీరు మారింది సరిగ్గా అప్పుడే. 2019 డిసెంబర్‌లో మూడు కంపెనీలూ కొద్ది రోజుల తేడాలో రేట్లు పెంచాయి. మళ్లీ 2021 నవంబరులో, మళ్లీ 2024 జూలైలో. ఎయిర్‌టెల్ ఆర్పు 2019 సెప్టెంబర్ త్రైమాసికంలో 128 రూపాయలు, 2025 సెప్టెంబర్ త్రైమాసికంలో 256. ఆరేళ్లలో రెట్టింపు. ముందు 200, ఆ పైన 300 కావాలని ఎయిర్‌టెల్ అధినేత సునీల్ మిత్తల్ బహిరంగంగానే చెబుతూ వచ్చారు. జియోది అదే 2025 త్రైమాసికంలో 211.

అంచనా వేసేవాళ్ల పని కూడా తేలికైంది. జియోకు 50 కోట్ల మంది కస్టమర్లు అనుకుందాం. ఆర్పు నెలకు ఒక్క రూపాయి పెరిగితే ఏడాదికి 600 కోట్లు. పది రూపాయలకు 6,000 కోట్లు. కొత్త టవర్ అక్కర్లేదు, కొత్త కస్టమర్ అక్కర్లేదు. 1995లో పాటదారులు జనం ఎంతమంది వస్తారో, ఎంత ఇస్తారో రెండూ ఊహించాల్సి వచ్చింది. ఇప్పుడు మనుషులు కదలడం లేదు, ధర ఎవరు పెడతారో తెలుసు. ఇంకా ఊహించాల్సింది పెంచేది ఏ నెలలో అన్న ఒక్కటే. అందుకే ఆదాయం ఇంత శాతం పెరుగుతుందన్న వార్త నా కంటికి ధరల నోటీసులాగే కనిపిస్తుంది. నోటీసు కింద తేదీ వేయలేదు, అంతే తేడా.

ఆ నోటీసు ఎవరి మీద పడుతుందో చూడాలంటే బెంగళూరు మారతహళ్లిలో ఏ రీచార్జి షాపు ముందైనా సాయంత్రం కాసేపు నిలబడితే చాలు. పీజీ హాస్టళ్ల పిల్లలు ఎటూ ఫోన్లోనే కట్టేసుకుంటారు. షాపుకు వచ్చేది సెక్యూరిటీ గార్డులు, కట్టడం కూలీలు, ఇళ్లల్లో పని చేసే ఆడవాళ్లు. చాలామంది దగ్గర రెండు సిమ్‌లు, ఇక్కడిదొకటి, ఊరిదొకటి. రోమింగ్‌లో వచ్చిన కాల్‌కి కూడా డబ్బు పడే కాలంలో మొదలైన అలవాటు అది. 2017లో రోమింగ్ ఛార్జీలు పోయాక కూడా ఊరి నంబరు పోలేదు, ఎందుకంటే బ్యాంకు ఖాతా, ఆధార్, రేషన్ కార్డు అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి.

"ఊరి సిమ్ముకు ఏదన్నా చిన్నది ఉంటే వెయ్ నా," అని అడుగుతాడు కదిరి వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. ఫోన్‌లో వేలు ఆడిస్తూనే షాపతను తల అడ్డంగా ఊపుతాడు. "చిన్నదేం లేదు నా, అన్నీ రెండొందల దగ్గరే."

"కాల్స్ వస్తే చాలబ్బా, నెట్టు ఏం చేసుకోను?"

"వచ్చేదానికే ఆ రేటు."

2018 చివర్లో ఎయిర్‌టెల్‌లో సిమ్ బతికి ఉండటానికి కావలసిన కనీస రీచార్జి 35 రూపాయలు. తర్వాత 45, 79, 99, 155. 2024 జూలైలో 199. మామూలు ప్లాన్ల రేట్లు పెరిగితే పేపర్లలో పెద్ద అక్షరాల్లో వచ్చింది, ఇది మాత్రం కింది మెట్టు కాబట్టి పెద్దగా ఎవరూ రాయలేదు. శాతంలో చూస్తే అన్నిటికంటే ఎక్కువ పెరిగింది ఈ కింది మెట్టే. పైగా నెలంటే 28 రోజులు, అంటే ఏడాదికి 13 రీచార్జులు. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటైనా పెట్టండని 2022లో ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. 2024 డిసెంబర్‌లో డేటా లేకుండా కాల్స్, మెసేజీలకే ప్లాన్ ఇవ్వమంది. 2025 జనవరిలో వచ్చాయి, అప్పుడు ఎయిర్‌టెల్‌ది 84 రోజులకు 469 రూపాయలు. రోజు కూలీ మీద బతికేవాడు ఒక్కసారిగా అంత తీయలేకే షాపు ముందు నిలబడి చిన్నది అడుగుతున్నాడు.

రెండో సిమ్‌ను వదిలేస్తే ఏమవుతుందన్నది అంచనాల్లో చిన్న అక్షరాల్లో ఉండే సంగతి. కంపెనీలకు అది నష్టమనుకుంటాం. తక్కువ కట్టే కస్టమర్ పోతే ఆర్పు ఇంకా పైకే వెళుతుంది, కాగితం మీద అందంగానే ఉంటుంది. భయమంతా ఆ మనిషి ఎటు వెళతాడన్నదే. 2024 జూలైలో రేట్లు పెరిగిన ఆ ఒక్క నెలలోనే ఎయిర్‌టెల్ దాదాపు 17 లక్షల మందిని, వొడాఫోన్ ఐడియా 14 లక్షల మందిని, జియో ఏడున్నర లక్షల మందిని పోగొట్టుకున్నాయి. బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది పెరిగారు. తర్వాతి నెలల్లో వాళ్లలో కొందరు సిగ్నల్ చాలక వెనక్కి వచ్చారు.

5జీ మీద వేసుకున్న ఆశలు మాత్రం పాత పద్ధతిలోనే తప్పాయి. 2022 వేలంలో లక్షన్నర కోట్లు పెట్టి తరంగాలు కొని, అక్టోబర్ 1 నుంచి సేవలు మొదలుపెట్టి, దానికి విడిగా ధర పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు. రోజుకు 2 జీబీ ఉండే ప్లాన్ వాళ్లకే అపరిమిత 5జీ అని 2024లో గీత గీసి, ఆ ప్లాన్‌లోకి జనాన్ని నెట్టి డబ్బు రాబడుతున్నారు. 2025 ఆగస్టులో రోజుకు 1 జీబీ ఇచ్చే 249 రూపాయల ప్లాన్‌ను ఎయిర్‌టెల్ తీసేసింది, జియో ఆన్‌లైన్ రీచార్జిల్లోంచి తీసేసింది. రేటు పెంచారని అనడానికి లేదు, కానీ ఆ డబ్బుకు దొరికేది లేదు. వైరు లేని ఇంటి ఇంటర్నెట్‌లో కొంత కొత్త ఆదాయం నిజంగానే వస్తోంది. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో డాబాల మీద ఆ పెట్టెలు కనిపిస్తూనే ఉన్నాయి. మొబైల్ ఆదాయంతో పోలిస్తే అది ఇంకా చిన్నదే.

ఈసారి డబ్బు లెక్క తప్పదనే నా అనుమానం. టారిఫ్‌లు నిర్ణయించే అధికారాన్ని ట్రాయ్ రెండు దశాబ్దాలుగా దాదాపు పూర్తిగా కంపెనీలకే వదిలేసింది. పది మంది పోటీ పడుతున్నప్పుడు అది వినియోగదారుడికి లాభించింది, ఇద్దరున్నర మంది మిగిలాక అదే నిబంధన ఎదురు తిరిగింది. ఆ అర మనిషి వొడాఫోన్ ఐడియా. బకాయిలను వాటాగా మార్చుకుని 2025 ఏప్రిల్‌కల్లా అందులో 49 శాతం దాకా ప్రభుత్వం చేతికి వచ్చింది. రేట్లు పెరగకపోతే ఆ కంపెనీ నిలబడదు, నిలబడకపోతే ప్రభుత్వం పెట్టిన డబ్బు పోతుంది. ధరలు తగ్గించమని ఒత్తిడి తేవాల్సిన చెయ్యి ఇలా కట్టుబడి ఉంది. 2026 మొదటి సగంలో జియో షేర్లు అమ్మకానికి పెడతామని రిలయన్స్ 2025 ఆగస్టులో ప్రకటించింది. అమ్మకానికి వెళ్లే కంపెనీకి పెరిగే ఆర్పు కంటే మంచి ప్రచారం ఉండదు.

అంచనాను ఎవరైనా తప్పించగలిగితే అది బీఎస్ఎన్ఎల్లే. దేశీయ పరిజ్ఞానంతో కట్టిన దాని 4జీ నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబర్ 27న ప్రారంభించారు, టవర్లు 97,000 పైన. కదిరి పొలిమేరలో సిగ్నల్ ఉంటే సరిపోదు, మారతహళ్లిలో కట్టే భవనం ఆరో అంతస్తులో పని చేసే మేస్త్రీకి కూడా కాల్ కలవాలి. కలిస్తే రెండో సిమ్ అటు వెళుతుంది. కలవకపోతే ఆ రెండొందలు కట్టక తప్పదు, వచ్చే ఏడాది అవి ఎంత అవుతాయన్నది ఇప్పటికే ఎవరో ఒక అనలిస్టు ఎక్సెల్ షీటులో వేసే ఉంటాడు.